రత్నం పగడానికి దీపం

జనార్దన్, అమానుల్లా బాబా దగ్గరికి రావడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో బాబా అతనికి ఒక్క పనీ అప్పజెప్పలేదు. అది అతనికి లోపల ముల్లులా గుచ్చుకునేది.

విశాఖపట్నం పాతపట్నంలో, కొండ దిగువన, చేపలరేవు వాసన తగిలేంత దూరంలో ఉంది బాబా ఖాన్‌ఖా. సూఫీ గురువులు ఉండే చోటు అది. రెండు గదులు, ఒక వసారా. గురువారం సాయంత్రాలు పది పన్నెండు మంది వచ్చి కూర్చునేవారు. ఎవరిది ఏ మతమని ఎవరూ అడిగేవారు కాదు. ఒకరు ఊడ్చేవారు, ఒకరు టీ కాచేవారు, ఒకరు చెప్పులు వరసగా సర్దేవారు. ఎవరి పని వాళ్ళకి బాబాయే చెప్పాడు. జనార్దన్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరరు. అతన్ని మాత్రం "కూర్చో నాయనా" అనేవాడు. అంతే.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. "నాకు చెప్పదగ్గ పనే లేదా బాబా?"

"ఉంటే అదే వస్తుంది" అన్నాడు బాబా.

వచ్చింది. ఎర్రయ్య తెచ్చాడు.

ఎర్రయ్య జాలరి. ఖాన్‌ఖాకి వచ్చేవాళ్ళందరిలోకీ తక్కువ మాట్లాడే మనిషి. అతని ఒక్కగానొక్క కూతురు నూకరత్నం చేపల పెంపకం డిప్లొమా చదువుతూ, రెండేళ్ళ కిందట వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది. ఆ పిల్ల ఇంట్లో అడుగున్నర గాజుతొట్టెలో సముద్రపు నీళ్ళు పోసి ఒక పగడాన్ని పెంచింది. సముద్రంలోంచి పెరికి తెచ్చింది కాదు. చదువు చెప్పిన మేడమ్ తన తొట్టెలో పెరిగినదాన్ని బొటనవేలి గోరంత తుంచి ఇచ్చింది. రాయిలా గట్టిపడే రకం కాదు, మెత్తటిది. వేళ్ళు చాచిన చెయ్యిలా పెరుగుతుంది. రత్నం పోయేనాటికి అది చంటిపిల్ల చెయ్యంత ఉంది. ఆ తరవాత కూడా పెరిగి పెద్దవాళ్ళ అరచెయ్యంత అయింది.

కూతురు పోయాక తల్లి పోలమ్మ ఆ తొట్టె ముందు కూర్చుంటే లేచేది కాదు. పొయ్యి వెలిగించేది కాదు. చూసి చూసి ఎర్రయ్య తొట్టెని తీసుకొచ్చి బాబా వసారాలో పెట్టాడు. పోలమ్మ గురువారం గురువారం వచ్చి కాసేపు చూసుకుని పోయేది. ఎర్రయ్య ప్రతి ఆదివారం పడవ మీద దూరం వెళ్ళి, తేటగా ఉన్నచోట నీళ్ళు ముంచి, రెండు క్యాన్లు మోసుకొచ్చి కొంత పాతనీరు తీసి కొత్తనీరు పోసేవాడు.

తొట్టె మీద దీపం రత్నం కట్టిందే. చెక్కపలక అడుగున ఎల్‌ఈడీ పట్టీలు అంటించి, తీగలు తనే కలుపుకుంది. ఉప్పుగాలి తిని తిని ఆ తీగలు పచ్చగా పూసిపోయాయి. ఒక గురువారం దీపం ఆరిపోయింది.

ఎర్రయ్య జనార్దన్ పక్కకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావూ, మీరు కరెంటు సదువుకున్నోరు కదా. మా గుంట కట్టిన దీపం ఆరిపోనాది. దీపం నేకపోతే అది బతకదని సెప్పేది. ఏటి కొనాలో నాకు తెల్దు. మీరు సూసి పెడతారా?"

జనార్దన్ బాబా వైపు చూశాడు. బాబా తల ఊపాడు.

ఆ వారమంతా జనార్దన్ చదివాడు. వీడియోలు చూశాడు. కాగితాల మీద గీతలు గీశాడు. వచ్చే గురువారానికి అతనికి చాలా తెలిసింది. ఈలోగా బాబా తొట్టెని కిటికీ పక్కకి జరిపించి, పొద్దుటి వెలుతురు కొంచెం తగిలేలా పెట్టించాడు.

"పగడం ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుంది బాబా" అని చెప్పాడు జనార్దన్, నలుగురూ వినేలా. "వెలుగు పడితే ఆ నాచు వండిపెడుతుంది, పగడం తింటుంది. తెలుపొక్కటే చాలదు, నీలం ఎక్కువుండాలి. సముద్రం లోపలికి దిగేది నీలమే కదా. ఇన్నాళ్ళూ పాపం అది అరకడుపుతో ఉంది."

"ఎంత తింటుంది?" అన్నాడు బాబా.

"వెలుగు ఎంతుంటే అంత."

బాబా తొట్టె వైపు తిరిగి చూశాడు.

అక్వేరియం షాపు నడిపే ఆవిడ జనార్దన్‌కి ఒక చిన్న దీపం చూపించింది. "అడుగున్నర తొట్టెకి, మెత్త పగడానికి ఇది సరిపోతుంది సార్. అది కూడా మూడోవంతుతో మొదలెట్టండి. వారం వారం కొంచెం పెంచుకోండి. మొదటిసారి పెట్టేవాళ్ళందరికీ ఇదే చెప్తాను."

"మొదటిసారి ఏం కాదు. ఎల్‌ఈడీల మీద నేను పాఠాలు చెప్తాను" అన్నాడు జనార్దన్.

పై అరలో ఉన్న పెద్దదాన్ని చూపించాడు. మూడడుగుల లోతు తొట్టెలకి, మండే వెలుగు కావలసిన రాతిపగడాలకి పెట్టేది అది. ఆవిడ దింపి ఇచ్చింది గాని, "పెద్దదైనా తగ్గించుకుని వాడొచ్చు సార్. కాకపోతే తగ్గించాలి మరి" అంది.

దీపం బిగించిన గురువారం పోలమ్మ కూడా ఉంది. జనార్దన్ ఫోన్ తీసి, దాంతోనే నడిచే దీపాన్ని పూర్తి వెలుగుకి పెట్టాడు. వసారా అంతా నీలం నిండింది. నీటి అలల నీడలు గోడ మీద, కప్పు మీద, మనుషుల ముఖాల మీద కదిలాయి. పగడం వేలివేలికీ ఉన్న సన్నటి పూలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. ఎవరో "అబ్బా" అన్నారు.

పోలమ్మ లేచొచ్చి జనార్దన్ రెండు చేతులూ పట్టుకుంది. "మా గుంట ఉంటే ఎగిరి గంతేసును బావూ" అంది.

బాబా తొట్టె దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. "పాతది గుడ్డిదీపం. ఈ ప్రాణం దానికి అలవాటు పడింది. మెల్లగా పెంచు నాయనా."

"వీటిలో వేడి ఉండదు బాబా. భయం లేదు" అన్నాడు జనార్దన్.

తగ్గిద్దామని ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ పోలమ్మ ఇంకా ఆ వెలుగులోనే నిలబడి ఉంది. ఫోన్ జేబులోకి వెళ్ళిపోయింది.

మూడో రోజుకే పగడం వేళ్ళు ముడుచుకున్నాయి. కొత్త వెలుగు కదా, సర్దుకుంటుంది, అన్నాడు జనార్దన్. తరవాతి మంగళవారం కాలేజీ అయ్యాక ఒక్కడే వచ్చి చూశాడు. వేళ్ళ కొసలు తెల్లబడి ఉన్నాయి. చుట్టూ ఉన్న గోధుమరంగు మధ్య ఆ తెలుపు ఉప్పు రాల్చినట్టుంది.

అతను చదివాడు ఆ సంగతి. పగడం తెల్లబడితే ముందు అనుమానించవలసింది వెలుగునే అని. వెలుగు మితిమీరితే లోపలి నాచు బయటికి పోతుందని, ఇక పగడానికి వండిపెట్టేది ఉండదని. చదివిన పేజీ కూడా కళ్ళముందు మెదిలింది.

ఫోన్ తీసి మూడోవంతుకి తగ్గించాడు. ఇటూ అటూ చూశాడు. వసారా ఆ చివర బాబా ఒక్కడే ఉన్నాడు. తస్బీ పూసలు తిప్పుతూ కళ్ళు మూసుకుని ఉన్నాడు. జనార్దన్ చెప్పులు వేసుకుని చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

గురువారానికి పగడం మొత్తం తెల్లబడింది.

ఎర్రయ్య వచ్చాడు, చూశాడు, అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. వెనకాలే వచ్చిన పోలమ్మ గడప దగ్గర ఆగిపోయింది. అందరూ వచ్చాక ఎర్రయ్య తలెత్తి, "తప్పు నాదే" అన్నాడు.

తనే చెప్పాడు.

"మొన్న ఆదోరం గాలి బాగా ఉన్నాది. దూరం ఎల్లనేకపోనాను. రేవు మొగలోనే ముంచి తెచ్చీసినాను. ఒక్కసారికి ఏటవుతాదిలే అనుకున్నాను. అక్కడ డీజిల్ తేలతాది, నాకు తెలుసు. తెలిసీ తెచ్చినాను." జనార్దన్ వైపు తిరిగాడు. "బావూ, మీకాడ మందు ఉన్నాది కదా, నీళ్ళు సూసేది. సూసి సెప్పండి. నీళ్ళేనా?"

జనార్దన్ సంచిలోంచి గాజుగొట్టం తీశాడు. తొట్టెలో నీళ్ళు ముంచాడు. మందు చుక్కలు వేసి కదిపాడు. రంగు ఎలా రావాలో అలాగే వచ్చింది. మరో మందు వేశాడు. అదీ బాగానే ఉంది. గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అందరూ ఆ గొట్టాన్నే చూస్తున్నారు. రంగు తేడా తెలిసినవాడు తనొక్కడే.

"నీళ్ళలో కొంచెం తేడా ఉన్నట్టుంది" అన్నాడు.

గడప దగ్గర పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎర్రయ్యా, నీ నీళ్ళు కావు" అన్నాడు బాబా.

ఎర్రయ్య రెండు చేతులూ జోడించాడు. "నా బాద సూడనేక అంటన్నారు బాబా. సదువుకున్నాయన మందేసి సూసినాడు కదా."

బాబా జనార్దన్ వైపు చూశాడు. జనార్దన్ గొట్టంలోకి చూస్తున్నాడు.

పది రోజుల్లో పగడం జావలా కరిగి వాసన వేసింది. ఎర్రయ్యే వచ్చి మిగిలినదాన్ని దోసిట్లో తీసి, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. పడవ మీద దూరం తీసుకెళ్ళి వదిలాడని ఎవరో చెప్పారు. ఆ తరవాత ఎర్రయ్య రాలేదు. పోలమ్మా రాలేదు.

జనార్దన్ మాత్రం మానలేదు. గురువారం గురువారం వచ్చి అందరికన్నా వెనక, గోడకి ఆనుకుని కూర్చునేవాడు. బాబా కళ్ళు అటు తిరిగితే తను చాప వైపు చూసేవాడు. ఖాళీ తొట్టె వసారాలో అలాగే ఉంది. దాన్ని తీసేద్దామని ఎవరూ అనలేదు. మూడు వారాలు ఇలా గడిచాయి.

నాలుగో గురువారం అందరూ లేచి వెళ్తుంటే, "నువ్వుండు" అన్నాడు బాబా.

దీపాన్ని తొట్టె మీంచి ఊడదీయమన్నాడు. తెచ్చి చాప మీద నిలబెట్టమన్నాడు, వెలుగు జనార్దన్ వైపు పడేలా. దానికి అవతల తను కూర్చున్నాడు.

"మొదటిరోజు ఎంత పెట్టావో అంతా పెట్టు."

జనార్దన్ నొక్కాడు. కళ్ళలో సూదులు దిగినట్టయింది.

"నా ముఖం ఎలా ఉందో చెప్పు."

"కనబడటం లేదు బాబా."

"కోపంగా ఉందా?"

"తెలియడం లేదు."

"ఏడుస్తున్నానా?"

"తెలియడం లేదు బాబా."

జనార్దన్ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి వెలుగుకో మరి దేనికో అతనికే తెలియలేదు.

"ఇక తగ్గించు" అంది అవతలి గొంతు. "ఎంతకి తగ్గించాలో నీకు తెలుసు. ఆ మంగళవారం తగ్గించావు కదా."

జనార్దన్ చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది.

"కళ్ళు మూసుకుని ఉన్నా రెప్పల మీద నీలం తగ్గింది నాయనా."

అతను మూడోవంతుకి తగ్గించాడు. వెలుగు వెనక నుంచి మెల్లగా బాబా ముఖం తేలింది. ఆ ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండునని జనార్దన్‌కి అనిపించింది.

"మీకు మొదటినుంచీ తెలుసు" అన్నాడు. "మరి ఎర్రయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వూ విన్నావు. నా మాట నమ్మలేదు. నీ మాట నమ్మాడు."

మర్నాడు పొద్దున్నే జనార్దన్ జాలరిపేట వెళ్ళాడు. ఎర్రయ్య ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మిగతా పడవలన్నీ వేటకి పోయాయి. అతని పడవ ఒడ్డునే బోర్లా పడుంది.

"ఏటి బావూ, ఇలాగొచ్చినారు?" అంటూ లేవబోయాడు.

"లేవకు ఎర్రయ్యా. వేటకి వెళ్ళలేదా?"

"ఎల్లబుద్ది కాట్లేదు. నీటిలో సెయ్యెడితే అదే గుర్తొస్తన్నాది."

జనార్దన్ నిలబడే చెప్పాడు. కూర్చుంటే చెప్పలేననుకున్నాడు. షాపావిడ ఏమందో చెప్పాడు. బాబా ఏమన్నాడో చెప్పాడు. మంగళవారం ఫోన్‌లో తగ్గించడం, గాజుగొట్టంలో రంగు సరిగ్గా రావడం, అన్నీ చెప్పాడు. ఎర్రయ్య వేళ్ళు వల మీద కాసేపు కదిలాయి, తరవాత ఆగాయి.

"నీళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి."

"మీకు ఆ యేలే తెలుసా?"

"తెలుసు."

ఎర్రయ్య సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. తిడతాడని, లేచి కొడతాడని జనార్దన్ ఎదురుచూశాడు. ఎర్రయ్య వల పక్కనపెట్టి లేచాడు. "రండి. ఇంట్లో సెప్పండి. నాను సెప్తే అది నమ్మదు."

పోలమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. మొగుణ్ణి చూసి ముఖం తిప్పుకుంది. జనార్దన్ అంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది. ఆవిడ ఒక్కొక్క చేపనీ తిరగేస్తూనే వింది. మాటలు అయిపోయాక చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మా ఆయన సెయ్యని తప్పు ఒప్పుకోడానికి ఒక్క రోజు ఆగనేదు. నువ్వు సేసింది సెప్పడానికి నెల పట్టినాదా బావూ?"

ఆవిడ జనార్దన్ ముందుకి ఒక అడుగు వేసింది.

"ఈ నెలా నాను ఆయన్ని ఏటేటి అన్నానో నీకు తెలుసా? నీ సేతుల్తో నువ్వే సంపీసినావన్నాను. గుంటని ఆసుపత్రికి ఆలీసంగా తీసుకెల్లినావని కూడా అనీసినాను. రెండేళ్ళనుంచి కడుపులో ఎట్టుకున్న మాట అది. ఎప్పుడూ అననేదు. మొన్న అనీసినాను." ఆవిడ ఎండుతున్న చేపల వైపు చూసింది. "ఇప్పుడు నువ్వొచ్చి నీళ్ళు మంచివే అంటన్నావు. ఆ మాట నానెలాగ ఎనక్కి తీసుకోను?"

ఎర్రయ్య గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. అతను ఆవిడ వైపు చూడలేదు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల ఎండ ఉంది.

"రత్నానికి చదువు చెప్పిన మేడమ్‌ని అడుగుతాను" అన్నాడు జనార్దన్. ఏదో ఒకటి అనకుండా ఉండలేక అన్నాడు. "ఇంకో ముక్క తెస్తాను. ఈసారి సరిగ్గా..."

"తే బావూ" అంది పోలమ్మ. "మా గుంట ముట్టుకున్నదయితే తే."

అతను వచ్చేశాడు. వీధి మలుపు తిరిగే ముందు ఒకసారి వెనక్కి చూశాడు. ఎర్రయ్య ఇంట్లోకి వెళ్ళలేదు. మళ్ళీ ఒడ్డుకే నడుస్తున్నాడు. పోలమ్మ ఎండిన చేపలనే మళ్ళీ తిరగేస్తోంది.

ఖాన్‌ఖాకి వచ్చేసరికి బాబా కుండలో నీళ్ళు పోస్తున్నాడు. జనార్దన్ మెట్టు మీదే కూలబడ్డాడు.

"చెప్పాను బాబా. ఇద్దరికీ చెప్పాను."

బాబా కుండ నింపుతూనే ఉన్నాడు.

"ఏమీ బాగుపడలేదు. వాళ్ళు నన్ను క్షమించలేదు. ఒకళ్ళనొకళ్ళు కూడా చూసుకోవడం లేదు." అతను రెండు చేతుల్తో గుండె పట్టుకున్నాడు. "చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాను. నిన్నటికన్నా బరువుగా ఉంది బాబా. మోయలేకుండా ఉన్నాను."

బాబా కుండ మీద మూత పెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఆ బరువు వాళ్ళింట్లో ఉంది నాయనా" అన్నాడు. "ఇవాళ సొంతింటికి వచ్చింది."